కొండ దారి నుంచి పచ్చ జెర్సీ దాకా...

వడ్రంగి కొడుకు సైకిల్ మీద ప్రపంచాన్ని గెలిచాడు
ఎరిత్రియా కుర్రోడి ప్రస్థానంలో మన కొండ ప్రాంతానికీ ఓ పాఠం

కల్యాణసింగ్‌పూర్ (రాయగడ జిల్లా): తండ్రి వడ్రంగి. ఊరు కొండ మీద. దేశం పేరు చెబితే ‘అదెక్కడుంది?’ అని అడిగేవాళ్లే ఎక్కువ. అలాంటి చోటు నుంచి వచ్చిన కుర్రోడు 2024 జులైలో ప్రపంచంలోకెల్లా పెద్ద సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్‌లో ఒకసారి కాదు, మూడుసార్లు అందరికంటే ముందు గీత దాటాడు. చివరి రోజున పచ్చ జెర్సీ వేసుకుని వేదికెక్కాడు. నూట ఇరవై ఏళ్ల ఆ పోటీ చరిత్రలో అంతకుముందు ఏ నల్లజాతి ఆఫ్రికన్‌కూ ఆ గౌరవం దక్కలేదు. పేరు బినియం గిర్మే. అభిమానులకు ‘బిని’.

ఆయనకూ కల్యాణసింగ్‌పూర్‌కూ ఏమిటి సంబంధం? చుట్టరికం ఏమీ లేదు. అయితే ఆయన ఎక్కిన దారి చూస్తే మన కొండలు గుర్తుకొస్తాయి. ఆయనకు అందిన ఆసరా చూస్తే మన పిల్లలకు అందనిదేమిటో తెలుస్తుంది.

సైకిల్ మనకు కొత్తా?

నియంగిరి కొండల నీడన, నాగావళి ఒడ్డున ఉన్న కల్యాణసింగ్‌పూర్ సమితిలో సైకిల్ కొత్త వస్తువు కాదు. సంతకు కూరగాయల బస్తా, బడికి పుస్తకాల సంచి, ఇంటికి వంటచెరకు మోపు... అన్నింటికీ అదే బండి. తొమ్మిదో తరగతికి వచ్చిన పిల్లలు సర్కారు పథకంలో అందిన సైకిల్ మీద ఊరూరి నుంచి ఉన్నత పాఠశాలకు వచ్చారు. ఎగుడు వస్తే దిగి తోయడం, దిగుడు వస్తే బ్రేకు మీద చెయ్యి వేసి జారిపోవడం ఇక్కడి పిల్లలకు ఒకరు నేర్పక్కర్లేదు. 2017 జులైలో నాగావళి పొంగి దారులు, వంతెనలు తెగిపోయినప్పుడు కూడా మనుషులు నడిచారు, సైకిళ్లు భుజాన వేసుకుని దాటారు.

మరి ఇంత తొక్కే చోట సైకిల్ ఒక బతుకుతెరువు ఎందుకు కాలేదు? బండి మీద సరుకు మోసి బతకడం కాదు... తొక్కినందుకే జీతం ఇచ్చే ఉద్యోగం. ఐరోపాలో అదో వృత్తి. ఏడాదంతా రేసులు, జట్టు, కోచ్, వైద్యుడు, మెకానిక్, నెల జీతం. ఆ వృత్తిలోకి ఒక పేద కొండ దేశం నుంచి కుర్రోడు ఎలా చేరాడో తెలుసుకుంటే ఈ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

సముద్రం నుంచి మబ్బుల్లోకి

ఎరిత్రియా ఆఫ్రికా ఖండానికి తూర్పున, ఎర్ర సముద్రం ఒడ్డున ఉంది. రాజధాని అస్మరా సముద్ర మట్టానికి 2,300 మీటర్లకు పైన ఉంటుంది. పోలిక కోసం చూస్తే కొరాపుట్ పట్టణం దాదాపు 870 మీటర్లు. ఒడిశాలోనే ఎత్తయిన దేవమాలి శిఖరం 1,672 మీటర్లు. అంటే మన దేవమాలి నెత్తి మీద ఇంకో ఆరేడు వందల మీటర్లు ఎక్కితే గానీ అస్మరా బజారు రాదు. మస్సావా రేవు నుంచి అస్మరాకు రోడ్డు నూట పది కిలోమీటర్ల పైచిలుకు. సముద్రం దగ్గర మొదలైతే ఎక్కుడే ఎక్కుడు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కిన లారీ డ్రైవర్లకు ఆ మలుపుల సంగతి చెప్పక్కర్లేదు.

అంత ఎత్తున గాలి పలచన. ఊపిరికి అందే ప్రాణవాయువు తక్కువ. దానికి సర్దుకోవడానికి ఒంట్లో ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి. అందుకే ఐరోపా రైడర్లు డబ్బు ఖర్చు పెట్టి మరీ ఎత్తయిన కొండల మీద శిబిరాలు వేస్తారు. అస్మరా పిల్లలకు అది పుట్టుకతో వచ్చింది.

అయితే ఎత్తు ఒక్కటే చాలదు. ప్రపంచంలో అంత ఎత్తున ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి. అన్నీ సైకిల్ వీరులను కనలేదు. అసలు సంగతి అలవాటులో ఉంది. ఎరిత్రియాను 1890 నుంచి 1941 వరకు ఇటలీ ఏలింది. ఇటాలియన్లు తమతో పాటు సైకిల్ రేసులనూ తెచ్చారు. మొదట్లో ఎరిత్రియన్లను పోటీకి రానివ్వలేదు. 1939లో ఇద్దరినీ కలిపి పోటీ పెడితే గెబ్రెమరియం గెబ్రు అనే ఎరిత్రియన్ దొరలను వెనక్కి నెట్టి గెలిచాడు. 1946లో దేశం చుట్టూ తిరిగే రేసు మొదలైంది. తర్వాత ముప్పై ఏళ్ల యుద్ధం. 1993లో స్వాతంత్య్రం. ఇన్ని జరిగినా రేసు అలవాటు పోలేదు. అస్మరాలో ఆదివారం పూట నడి వీధుల్లో రేసు పెడితే జనం రెండు పక్కలా బారులు తీరతారు. మన దగ్గర క్రికెట్ ఎలాగో అక్కడ సైకిల్ అలాగ.

టీవీ ముందు తండ్రీ కొడుకు

బినియం 2000 ఏప్రిల్ 2న అస్మరాలో పుట్టాడు. వాళ్లకు మనలా ఇంటిపేరు ఉండదు. సొంత పేరు వెనక తండ్రి పేరు చేరుస్తారు. గిర్మే ఆయన తండ్రి పేరు. వడ్రంగి పని చేసుకునే ఆ తండ్రికి సైకిల్ రేసు అంటే ప్రాణం. జులై వచ్చిందంటే మధ్యాహ్నం పూట టూర్ డి ఫ్రాన్స్ టీవీలో చూడటం ఆ ఇంట్లో ఆనవాయితీ. తెర మీద తమలాంటి మొహం ఒక్కటీ కనబడేది కాదు.

2015లో కనబడింది. డేనియల్ తెక్లెహైమనోత్, మెర్హవీ కుదుస్ అనే ఇద్దరు ఎరిత్రియన్లు దక్షిణాఫ్రికా జట్టు తరఫున టూర్‌లో దిగారు. టూర్‌లో తొక్కిన తొలి నల్లజాతి ఆఫ్రికన్లు వాళ్లే. కొండలు ముందుగా ఎక్కినవాడికి ఇచ్చే ఎర్ర చుక్కల జెర్సీని తెక్లెహైమనోత్ కొన్ని రోజులు వేసుకున్నాడు. అప్పుడు బినియంకు పదిహేనేళ్లు. ‘మనమూ అక్కడికి వెళ్లొచ్చన్నమాట’ అన్న నమ్మకం ఆ రోజునే కలిగిందని ఆయన తర్వాత పలుమార్లు చెప్పాడు.

ఇంట్లోనూ దారి చూపేవాళ్లు ఉన్నారు. దగ్గరి బంధువు మెరోన్ తెషోమే అప్పటికే ఆటగాడు. ఊళ్లో క్లబ్బులున్నాయి, రేసులున్నాయి, ముందు వెళ్లినవాళ్ల అడుగులున్నాయి. ఏ కుర్రోడికి ఎంత సత్తా ఉందో తేల్చడానికి కొలబద్ద ఊళ్లోనే ఉంది.

స్విట్జర్లాండ్ మెట్టు

2018లో రువాండా రాజధాని కిగాలీలో జరిగిన ఆఫ్రికా పోటీల్లో జూనియర్ విభాగంలో బినియం వరుస బంగారు పతకాలు కొట్టాడు. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లోని ఏగ్ల్ పట్టణానికి పిలుపు వచ్చింది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2002లో అక్కడ ఓ శిక్షణ కేంద్రం పెట్టింది. సైక్లింగ్‌లో వెనకబడిన దేశాల పిల్లలను తెచ్చి తిండి, బస, బండి ఇచ్చి ఐరోపా రేసుల్లో తిప్పుతుంది.

అక్కడ నేర్చుకోవాల్సింది కాళ్లతో తొక్కడం కాదు. ఇరుకు రోడ్ల మీద నూట డెబ్బయి మంది భుజాలు రాసుకుంటూ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే పడకుండా నిలదొక్కుకోవడం. ఎదురుగాలి ఎటు నుంచి వస్తుందో చూసి ముందువాడి వెనక దాక్కోవడం. చలిలో, వానలో, రాళ్లు పరచిన దారుల్లో తొక్కడం. ఆకలి వేయకముందే తినడం. వీటితో పాటు పరాయి భాష, పరాయి తిండి, ఇంటి మీద బెంగ. ఆ ఏడాదే బెల్జియంలో జరిగిన జూనియర్ రేసులో ఒక స్టేజ్‌ను బినియం గెలిచాడు. వెనకబడ్డవాళ్లలో తర్వాతి కాలంలో ఒలింపిక్, ప్రపంచ విజేత అయిన రెంకో ఎవెనెపోల్ ఉన్నాడు. 2019 జనవరిలో గాబన్ దేశంలో జరిగిన పోటీలో టూర్ స్టేజ్‌లు పదకొండు గెలిచిన జర్మన్ ఆటగాడు ఆంద్రే గ్రైపెల్‌ను దాటేశాడు. అప్పటికి వయసు పద్దెనిమిది!

జట్టు కుదేలైతే...

2020లో ఫ్రాన్స్‌కు చెందిన డెల్కో జట్టు ఉద్యోగం ఇచ్చింది. కల నెరవేరిందనుకుంటే ఏడాదిన్నర తిరగకుండానే ఆ జట్టుకు డబ్బు కటకట మొదలైంది. జట్టు నడిచేది స్పాన్సర్ ఇచ్చే సొమ్ముతో. అది ఆగితే రైడర్ రోడ్డున పడ్డట్టే. స్టేడియం ఉండదు కాబట్టి టికెట్ డబ్బులు రావు. ఈ వృత్తిలో ఎంత పెద్దవాడికైనా తప్పని గండం ఇది.

2021 ఆగస్టులో బెల్జియం జట్టు ఇంటర్‌మార్షే బినియంను తీసుకుంది. పెద్ద జట్ల మధ్య అది చిన్న బడ్జెట్ జట్టే. వచ్చిన నెల తిరక్కుండానే ఫ్రాన్స్‌లో ఒక రేసు గెలిచి ఇచ్చాడు. అదే సెప్టెంబరులో బెల్జియంలోని లూవెన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో 23 ఏళ్ల లోపు విభాగంలో వెండి పతకం తెచ్చాడు. ప్రపంచ రోడ్డు పోటీల్లో నల్లజాతి ఆఫ్రికన్‌కు దక్కిన తొలి పతకం అది.

ఇంటికెళ్లే కుర్రోణ్ని ఆపి...

2022 మార్చి. బెల్జియంలో రాళ్ల దారుల రేసుల కాలం. అక్కడివాళ్లకు అది సంక్రాంతి లాంటిది. భార్య, పసిబిడ్డ అస్మరాలో ఉన్నారు. నెలల తరబడి వాళ్లకు దూరంగా ఉన్న బినియం ఇంటికి ప్రయాణం కట్టాడు. అంతకుముందు రేసులో అయిదో స్థానంలో వచ్చేసరికి ‘ఇంకొక్కటి తొక్కి వెళ్లు’ అంది జట్టు. ఆ ఒక్కటీ ఘెంట్-వెవెల్‌గెమ్. మార్చి 27న దాదాపు 250 కిలోమీటర్లు తొక్కాక నలుగురు మిగిలారు. ఆఖరి 250 మీటర్ల దగ్గర బినియం ముందుగా లేచి కొట్టాడు. క్రిస్టోఫ్ లాపోర్ట్ పక్కకు వచ్చాడు గానీ దాటలేకపోయాడు. బెల్జియం పెద్ద రేసుల్లో ఒక ఆఫ్రికన్ గెలవడం అదే మొదటిసారి.

మరో వారంలో ఇంకా పెద్ద రేసు ఉంది. ఉండిపోతే పేరు, డబ్బు. బినియం మాత్రం విమానం ఎక్కి ఇంటికెళ్లాడు. అస్మరా వీధుల్లో జనం ఎదురొచ్చారు.

బిరడా దెబ్బ

అదే ఏడాది మే 17న ఇటలీ దేశ యాత్ర ‘జిరో’లో పదో స్టేజ్. జేసీ పట్టణంలో ఎగుడు దారి ముగింపు. మేటి రైడర్ మాథ్యూ వాన్ డెర్ పోల్‌తో పక్కపక్కన పోటీ పడి చివరికి అతణ్ని ఓడించాడు. ఓడినవాడే బొటనవేలు ఎత్తి అభినందించాడు.

ఆ సంబరం నిండా గంట నిలవలేదు. వేదిక మీద విజేతకు ఇచ్చే మద్యం సీసా మూత తీస్తుంటే బిరడా ఎగిరి ఎడమ కంటికి తగిలింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు. మర్నాడు రేసు నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. కన్ను దక్కింది. మూడు వారాల పోటీకి నెలల తరబడి చేసిన తయారీ మాత్రం ఒక బిరడాతో పోయింది.

2023 కలిసి రాలేదు. వసంత కాలపు రేసులో పడి తలకు దెబ్బ తగిలింది. జూన్‌లో స్విట్జర్లాండ్ యాత్రలో ఒక స్టేజ్ గెలిచినా, తొలిసారి దిగిన టూర్ డి ఫ్రాన్స్‌లో మూడో స్థానానికి మించి రాలేదు. 2024 మే నెలలో మళ్లీ జిరో. నాలుగో స్టేజ్‌లోనే కింద పడి ఇంటిముఖం. ‘ఒక్క ఏడాది మెరుపు’ అన్నవాళ్లూ ఉన్నారు.

ఆ మూడు రోజులు

2024 టూర్ ఇటలీలో మొదలైంది. జులై 1న మూడో స్టేజ్, 230 కిలోమీటర్ల పైన, ఆ ఏడాది అన్నింటికంటే పొడవైనది. ముగింపు టురిన్ నగరం. ఆఖరి కిలోమీటర్లలో కొందరు పడ్డారు, గుంపు చీలింది. కుడి పక్కన గోడ వారగా సన్నటి సందు. అందులోంచి దూసుకెళ్లాడు బినియం. గీత దాటాక ఏడ్చేశాడు. ఈ గెలుపు ఆఫ్రికన్లందరిదీ అన్నాడు. అంతకుముందు దక్షిణాఫ్రికా తెల్లజాతి రైడర్లు టూర్ స్టేజ్‌లు గెలిచారు. 2007లో రాబీ హంటర్ వాళ్లలో మొదటివాడు.

జులై 6న ఎనిమిదో స్టేజ్, ఎగుడు ముగింపు. మళ్లీ బినియమే. జులై 11న పన్నెండో స్టేజ్. అదీ ఆయనదే. ఒక్కటి గెలిస్తే అదృష్టం అనేవాళ్లు మూడోదానికి నోరు మూసుకున్నారు.

అయితే పచ్చ జెర్సీకి మూడు గెలుపులు చాలవు. రోజూ పాయింట్లు పోగేయాలి. పైగా కొండ స్టేజ్‌ల్లో గడువు లోపల రావాలి. మొదటివాడు వచ్చాక ఇంత సమయంలోగా చేరకపోతే ఇంటికి పంపేస్తారు. స్ప్రింట్ కొట్టేవాళ్లు బరువైన కండలతో ఉంటారు కాబట్టి ఆల్ప్స్, పిరనీస్ పర్వతాల మీద వాళ్ల పాట్లు దేవుడికే ఎరుక. 16వ స్టేజ్ చివర బినియం మలుపులో కింద పడ్డాడు. మోచేయి, మోకాలు గీసుకుపోయాయి. పచ్చ జెర్సీలో ప్రత్యర్థి ఫిలిప్సెన్ ఆ రోజు గెలిచి పాయింట్ల తేడా తగ్గించేశాడు. కట్లతోనే కొండలెక్కాడు బినియం. పారిస్‌లో ఒలింపిక్స్ ఉండటంతో ఆ ఏడాది టూర్ జులై 21న నీస్ నగరంలో ముగిసింది. పచ్చ జెర్సీ ఆయన ఒంటి మీదే ఉంది.

ఇవీ రేసు మాటలు

స్టేజ్: ఒక రోజు రేసు. టూర్‌లో ఇలాంటివి 21. మొత్తం దూరం సుమారు 3,500 కిలోమీటర్లు.

పసుపు జెర్సీ: అన్ని రోజుల సమయం కలిపితే తక్కువ వచ్చినవాడిది.

పచ్చ జెర్సీ: స్టేజ్ ముగింపుల్లో, దారి మధ్య గీతల దగ్గర ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నవాడిది.

ఎర్ర చుక్కల జెర్సీ: కొండ శిఖరాలు ముందుగా ఎక్కి పాయింట్లు కూడబెట్టినవాడిది.

జట్టు: టూర్‌లో ఎనిమిది మంది. ఒకరు గెలవడానికి ఏడుగురు గాలికి అడ్డు నిలుస్తారు, నీళ్ల సీసాలు మోస్తారు, అవసరమైతే తమ చక్రం విప్పి ఇస్తారు.

బండి: 6.8 కిలోల కంటే తేలిక ఉండకూడదు. పెద్ద జట్ల బండి ఖరీదు పది లక్షల రూపాయల పైమాటే.

జీతం రాళ్లు, ఒంటి గాయాలు

టూర్‌లో కనిపించే మెరుపు వెనక ఈ వృత్తి నిజం వేరు. పెద్ద జట్ల రైడర్ ఏడాదికి పాతిక, ముప్పై వేల కిలోమీటర్లు తొక్కుతాడు. రేసు రోజున అయిదారు గంటలు సీటు మీదే. ఒక మామూలు మనిషి రెండు మూడు రోజుల తిండి ఒక్క రోజులో కరిగిపోతుంది. పెద్ద జట్లలో కనీస జీతం ఏడాదికి 40 వేల యూరోల పైన ఉంటుంది. స్టార్లకు లక్షలు, కోట్లు. చిన్న జట్లలో చాలామందికి చేతి ఖర్చులకు సరిపోతే గొప్ప. ఎముక విరగని రైడర్ అరుదు. ముప్పై అయిదు దాటితే చాలావరకు ఆట ముగిసినట్టే. మందులు వాడి గెలిచే రోగం ఈ ఆటను చాలాకాలం పీడించింది. ఏడుసార్లు టూర్ గెలిచిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ టైటిళ్లన్నీ 2012లో లాగేసుకున్నారు. ఆ తర్వాత పరీక్షలు కఠినమయ్యాయి.

ఆఫ్రికా రైడర్లకు ఇంకో అదనపు కొండ ఉంది. అది వీసా. ఎరిత్రియా పాస్‌పోర్టుతో ఐరోపా దేశాలకు వెళ్లడం కష్టం. కాగితం రాక రేసు పోగొట్టుకున్నవాళ్లు ఆ దేశంలో చాలామంది.

బినియం కథ కూడా సినిమాలా ‘శుభం’ కార్డుతో ఆగలేదు. 2025లో ఒక్క రేసూ గెలవలేదు. టూర్ తొలి స్టేజ్‌లో ఫిలిప్సెన్ వెనక రెండో స్థానంలో వచ్చాడు. అంతే. ఏడాది చివర్లో ఇంటర్‌మార్షే జట్టు ఇంకో బెల్జియం జట్టులో కలిసిపోయింది. ఆయన 2026కు ఎన్‌ఎస్‌ఎన్ అనే కొత్త జట్టుకు మారాడు. పచ్చ జెర్సీ వేసుకున్నవాడికీ ఏడాదిన్నరలో మళ్లీ కొత్త గూడు వెతుక్కోక తప్పలేదు. కొడుకును ఈ వృత్తిలోకి పంపాలనుకునే ఏ తల్లిదండ్రులైనా ఈ సంగతి కూడా తెలుసుకోవాలి.

మనవాళ్ల మాటేమిటి?

భారత్‌కు ఒలింపిక్స్‌లో సైకిల్ చరిత్ర లేదనుకుంటే పొరపాటు. 1948 లండన్, 1952 హెల్సింకీ, 1964 టోక్యో ఒలింపిక్స్‌లో మన రైడర్లు దిగారు. టోక్యో తర్వాత ఆ తలుపు మూసుకుపోయింది. అరవై ఏళ్లుగా తెరుచుకోలేదు. సినిమా నటుడిగా జనానికి తెలిసిన జానకీదాస్ 1938లో సిడ్నీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య క్రీడల్లో సైకిల్ తొక్కినవాడే.

తెలుగు నేల నుంచి ఈ మధ్య ఒక పేరు ప్రపంచ వేదిక మీద వినబడింది. నంద్యాలకు చెందిన అర్షద్ షేక్. ఒక కాలు పోగొట్టుకున్న అర్షద్ హైదరాబాద్‌లోని ఆదిత్య మెహతా ఫౌండేషన్‌లో తర్ఫీదు పొందాడు. ఫౌండేషన్ పెట్టిన ఆదిత్య మెహతా కూడా ప్రమాదంలో కాలు పోయాక సైకిల్ ఎక్కి, 2013లో ఆసియా పారా సైక్లింగ్‌లో రెండు వెండి పతకాలు తెచ్చినవాడే. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో అర్షద్, మహారాష్ట్ర అమ్మాయి జ్యోతి గడేరియా భారత్ తరఫున దిగారు. పారాలింపిక్స్ సైక్లింగ్‌లో మన దేశం నుంచి వాళ్లే మొదటివాళ్లు. పతకం రాలేదు. కానీ రెండు కాళ్లున్న మన రైడర్లకు 1964 తర్వాత దొరకని దారి ఒంటికాలు కుర్రోడికి ఎలా దొరికింది? దారి చూపడానికి అప్పటికే ఆ కష్టం పడిన ఒక మనిషి, పట్టించుకునే ఒక సంస్థ ఉన్నాయి కాబట్టి. అస్మరా కథలోనూ అదే, నంద్యాల కథలోనూ అదే.

ఇక రోడ్డు రేసు. 2026 జనవరిలో పుణె జిల్లాలో అంతర్జాతీయ సమాఖ్య క్యాలెండర్‌లో చేరిన స్టేజ్ రేసు జరిగింది. మొత్తం 437 కిలోమీటర్లు, సహ్యాద్రి ఘాట్లు ఎక్కి దిగే దారి. విదేశీ జట్లు వచ్చి మన రోడ్ల మీద తొక్కాయి. ఘాట్ రోడ్డు ఉన్న చోట రేసు పెట్టొచ్చని అందరి కళ్లకూ కట్టింది.

ఘాట్లు మనకూ ఉన్నాయి

కొరాపుట్, రాయగడ జిల్లాల్లో ఎక్కుడు దారులకు కొదవ లేదు. అస్మరా అంత ఎత్తు మనకు లేదన్నది నిజం. పలచని గాలి వల్ల వచ్చే లాభం ఇక్కడ రాదు. అయితే ఎక్కుడు దారిలో కాలికి వచ్చే పట్టు, గుండెకు వచ్చే బలం మన ఘాట్లలోనూ వస్తాయి. ఇబ్బంది ఎత్తుతో కాదు. సాయంత్రం బడి వదిలాక ఎగుడు దారిలో ముగ్గురిని దాటిపోయే పిల్లవాడు ఎంత గట్టివాడో చూసేవాళ్లు లేరు. గడియారం పట్టి సమయం రాసేవాళ్లు లేరు. అస్మరాలో ఆ పిల్లవాడు ఆదివారం రేసులో బయటపడతాడు. మన దగ్గర ఆ అలవాటే లేదు.

పెద్ద ఖర్చు ఏమీ అక్కర్లేదు. నెలకో ఆదివారం పొద్దున్నే లారీలు తిరగకముందు అయిదారు కిలోమీటర్ల దారిని రెండు గంటలు ఆపగలిగితే చాలు. మామూలు సైకిళ్ల మీదే ఒక్కొక్కరిని నిమిషం తేడాతో పంపి సమయం రాస్తారు. దీన్ని టైమ్ ట్రయల్ అంటారు. ఎదురుగా వచ్చే బండి ఉండదు, ఒకరినొకరు తగిలి పడే భయం తక్కువ. బాగా తొక్కినవాళ్ల పేర్లు జిల్లా క్రీడా కార్యాలయానికి వెళ్లాలి. అక్కడి నుంచి రాష్ట్ర పోటీలు, జాతీయ పోటీలు, ఖేలో ఇండియా యువ క్రీడలు. ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియంలో జాతీయ శిక్షణ శిబిరం ఉంది. జాతీయ స్థాయిలో పతకం వస్తే రైల్వే, సైన్యం లాంటి చోట్ల క్రీడా కోటా ఉద్యోగాలకు వీలుంటుంది. ఐరోపా దాకా పోకపోయినా ఆ ఉద్యోగం ఒక ఇంటిని నిలబెడుతుంది.

తల్లిదండ్రులు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. జూనియర్ విభాగం అంటే 17, 18 ఏళ్ల వయసు. పుట్టిన తేదీ పత్రం సరిగ్గా ఉండాలి. గేర్లున్న రేసు సైకిల్ ఎంత చౌకదైనా ముప్పై, నలభై వేలు అవుతుంది. ముందే అప్పు చేసి కొనక్కర్లేదు. పిల్లవాడి సత్తా తేలాక ఆలోచించొచ్చు. హెల్మెట్ లేకుండా మాత్రం దిగుడు దారిలో ఒక్క రోజూ వదలొద్దు. ఘాట్‌లో గనుల లారీల వెనక సైకిల్ పోనివ్వడం ప్రాణంతో చెలగాటమే.

సరిహద్దుకు ఇవతల ఉన్న తెలుగు కుటుంబాలకు ఇంకో వెసులుబాటు ఉంది. ఒడియా, తెలుగు రెండూ వచ్చు. రాయగడ, జయపురం బజార్లలో దుకాణాలున్నవాళ్లు, రైల్వేలో, కాగితం మిల్లులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాళ్లు పూనుకుంటే రెండు వైపులా పిల్లలను కలిపి పోటీ పెట్టొచ్చు. నాగావళి కల్యాణసింగ్‌పూర్ నుంచి రాయగడ మీదుగా శ్రీకాకుళం దాకా ఎవరినీ అడగకుండా పోతోంది. ఆ నది దారి వెంట పార్వతీపురం, శ్రీకాకుళం పిల్లలు ఇటు, మన పిల్లలు అటు పోటీకి వెళ్లడానికి అడ్డేముంది?

2015లో అస్మరాలో ఒక వడ్రంగి ఇంట్లో టీవీ చూసిన పిల్లవాడు తొమ్మిదేళ్లకు పచ్చ జెర్సీ వేసుకున్నాడు. ఆ తొమ్మిదేళ్లలో ఆయన కాళ్లు ఎంత పనిచేశాయో, ఊళ్లో క్లబ్బు, ఖండం పోటీ, శిక్షణ కేంద్రం, జీతం ఇచ్చిన జట్టు కూడా అంతే పనిచేశాయి. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా బినియం ఈపాటికి తండ్రి పక్కన రంపం పట్టి ఉండేవాడేమో. కల్యాణసింగ్‌పూర్ సమితిలో మొదటి మెట్టు వేయడానికి కావాల్సినవి ఒక గడియారం, ఒక సున్నం గీత, ఒక ఆదివారం పొద్దు.